మీటరు తప్పా, సిద్ధాంతం తప్పా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల మా శీర్షికకు అందిన ఉత్తరాల్లో చాలా వరకు ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో థెవెనిన్ సిద్ధాంతాన్ని సరిచూసే ప్రయోగం గురించే ఉన్నాయి. పాలిటెక్నిక్‌లలోనూ ఇంజినీరింగ్ కళాశాలల్లోనూ సర్క్యూట్స్ ల్యాబ్ మొదలైన కొద్ది వారాలకే ఈ ప్రయోగం వస్తుంది కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. ఉత్తరాల్లోని సర్క్యూట్లు వేరువేరుగా ఉన్నా, చదివేవారికి వీలుగా ఉంటుందని మొదటి ఉత్తరంలోని సర్క్యూట్‌నే వీలైనంత వరకు మిగతా జవాబుల్లోనూ వాడుతున్నాం.

సిద్ధాంతం చెప్పేది ఇది: లోపల సోర్సులు, రెసిస్టర్లు ఎన్ని ఉన్నా సరే, లీనియర్ సర్క్యూట్ (వోల్టేజి, కరెంటు ఒకే నిష్పత్తిలో మారే భాగాలున్నది) దేన్నయినా దాని రెండు టెర్మినళ్ల దగ్గర నుంచి చూస్తే, ఒకే ఒక్క వోల్టేజి సోర్సు, దానికి సిరీస్‌లో ఒకే ఒక్క నిరోధం ఉన్నట్టే అది ప్రవర్తిస్తుంది. టెర్మినళ్లకు ఏమీ కలపనప్పుడు వాటి మధ్య ఉండే వోల్టేజి థెవెనిన్ వోల్టేజి. లోపలి స్వతంత్ర వోల్టేజి సోర్సుల స్థానంలో తీగ పెట్టి, కరెంటు సోర్సులను తెరిచి ఉంచినప్పుడు ఆ టెర్మినళ్ల మధ్య ఉండే నిరోధం థెవెనిన్ నిరోధం.

ప్రశ్న: నేను డిప్లొమా విద్యార్థిని. మా ల్యాబ్‌లో 12 వోల్టుల సప్లైకి 2.2 కిలోఓమ్‌ల రెసిస్టరును సిరీస్‌లో కలిపి, దాని అవతలి కొస నుంచి సప్లై నెగెటివ్‌కు 3.3 కిలోఓమ్‌ల రెసిస్టరును, అదే కొస నుంచి ‘ఎ’ టెర్మినల్‌కు 1 కిలోఓమ్ రెసిస్టరును కలిపాము. సప్లై నెగెటివే ‘బి’ టెర్మినల్. లెక్క ప్రకారం ఎ, బి మధ్య 7.2 వోల్టులు రావాలి. మా బల్ల మీది 0–10 వోల్టుల సూది మీటరు 5.8 మాత్రమే చూపింది. పక్క బల్లవాళ్లకు డిజిటల్ మల్టీమీటరుతో 7.2 వచ్చింది. మా మీటరు చెడిపోయిందని, రికార్డులో 7.2 అనే రాసేయమని జట్టులోని వాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ మీటరు చెడిపోలేదు, సిద్ధాంతమూ తప్పు కాలేదు. మీరు 5.8 అనే రాయండి. ఆ అంకెను కొట్టేసి 7.2 రాస్తే, థెవెనిన్ సిద్ధాంతానికి మీ బల్ల మీద దొరికిన అతి చక్కని రుజువును మీ చేతులతో మీరే చెరిపేసినట్టవుతుంది.

కారణం చూడండి. సూది వోల్ట్‌మీటరు డయల్ మీద, కింది భాగంలో చిన్న అక్షరాలతో, వోల్టుకు ఇన్ని ఓమ్‌లు అని రాసి ఉంటుంది. విద్యార్థుల ల్యాబ్‌లలో వాడే మీటర్లలో వోల్టుకు 1000 ఓమ్‌లు ఉండేవి చాలా మామూలు. అంటే 0–10 వోల్టుల మీటరు లోపలి నిరోధం 10 కిలోఓమ్‌లు. ఆ మీటరును ఎ, బి మధ్య పెట్టిన క్షణం నుంచి అక్కడ ఉన్నది ఓపెన్ సర్క్యూట్ (ఏమీ కలపని స్థితి) కాదు, 10 కిలోఓమ్‌ల లోడు, అంటే కరెంటు లాగే భారం. మీ సర్క్యూట్‌కు థెవెనిన్ నిరోధం ఎంతో లెక్క కట్టండి: 2.2, 3.3 కిలోఓమ్‌లు సమాంతరంగా ఉంటే 1.32, దానికి సిరీస్‌లో ఉన్న 1 కలిపితే 2.32 కిలోఓమ్‌లు. ఇప్పుడు 7.2 వోల్టులు 2.32, 10 కిలోఓమ్‌ల మధ్య పంచుకోబడితే 10 కిలోఓమ్‌ల వాటాకు వచ్చేది 5.84 వోల్టులు. మీ సూది సరిగ్గా అక్కడే నిలిచింది. డిజిటల్ మల్టీమీటరు లోపలి నిరోధం చాలా మోడళ్లలో 10 మెగాఓమ్‌లు, తక్కువ ధరవాటిలో కొన్నిటికి 1 మెగాఓమ్. 10 మెగాఓమ్‌ల మీటరు ఈ సర్క్యూట్ నుంచి లాగే కరెంటు ఒక మైక్రో ఆంపియరు కూడా ఉండదు కాబట్టి, అది 7.198, అంటే తెర మీద 7.20 చూపుతుంది. రెండు మీటర్లూ నిజమే చెప్పాయి. వాటిని పెట్టిన రెండు సర్క్యూట్లే వేరు.

మీ సూది మీటరుకు 0–30 వోల్టుల రేంజి కూడా ఉంటే ఇంకొక పని చేయండి. ఆ రేంజిలో దాని నిరోధం 30 కిలోఓమ్‌లు అవుతుంది కాబట్టి రీడింగు దాదాపు 6.68 వోల్టులకు పెరుగుతుంది. రెండు తెలిసిన లోడులకు రెండు వోల్టేజిలు చేతికొచ్చాయంటే తెలియనివి రెండూ, అంటే థెవెనిన్ వోల్టేజి, థెవెనిన్ నిరోధం, లెక్కలోంచి వచ్చేస్తాయి. మొదటి రీడింగులో కరెంటు 5.84ను 10తో భాగించగా 0.584 మిల్లీ ఆంపియరు, రెండోదానిలో 6.68ను 30తో భాగించగా 0.223 మిల్లీ ఆంపియరు. వోల్టేజిల తేడా 0.84ను కరెంటుల తేడా 0.361తో భాగిస్తే 2.33 కిలోఓమ్‌లు, 5.84కు 0.584, 2.33ల లబ్ధం కలిపితే 7.2 వోల్టులు. సూదిని అంత సూక్ష్మంగా చదవలేం, నిజమే. 5.8, 6.7 అని చదివారనుకుంటే 2.52 కిలోఓమ్‌లు, 7.26 వోల్టులు వస్తాయి. వోల్టేజిలో చిన్న తేడా, నిరోధంలో కాస్త పెద్ద తేడా. దగ్గర దగ్గరగా ఉన్న రెండు రీడింగుల మధ్య తేడాను తీసుకున్నప్పుడు చదవడంలో దొర్లిన పొరపాటు ఎంతగా పెరుగుతుందో ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. సర్క్యూట్‌ను ఓపెన్‌గా ఒక్కసారి కూడా కొలవకుండా దాని ఓపెన్ సర్క్యూట్ వోల్టేజిని పట్టుకోగలగడం ఈ సిద్ధాంతం ఇచ్చిన వరం. దాన్ని మీ రికార్డులో ఒక పేజీ కేటాయించి రాయదగినదిగా నేను భావిస్తున్నాను.

ఇక లెక్కకూ కొలతకూ మధ్య మరో తేడా కూడా ఉంటుంది. మీ రెసిస్టర్ల చివర బంగారు రంగు పట్టీ ఉంటే, రాసిన విలువకు అటూ ఇటూ 5 శాతం తేడా ఉండవచ్చని అర్థం. 2.2 కిలోఓమ్‌లది 5 శాతం తక్కువగానూ 3.3ది 5 శాతం ఎక్కువగానూ ఉంటే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి 7.49 అవుతుంది, తారుమారుగా ఉంటే 6.91. కాబట్టి బ్రెడ్‌బోర్డు మీద పెట్టక ముందే మూడు రెసిస్టర్లనూ విడివిడిగా మల్టీమీటరుతో కొలిచి, ఆ కొలిచిన విలువలతోనే లెక్క కట్టుకోవాలి. సప్లై ముందు ప్యానెల్ మీద కనిపించే 12ను కూడా నమ్మకుండా, బ్రెడ్‌బోర్డు మీద తీగలు చేరిన చోట కొలవాలి. ఈ రెండు జాగ్రత్తలు పాటిస్తే, తేడా వచ్చినప్పుడల్లా ‘టాలరెన్స్ వల్ల’ అని రాసి ఊరుకునే అవసరం ఉండదు.

ప్రశ్న: సిద్ధాంతం రుజువైందని చెప్పడానికి ఏ అంకెను ఏ అంకెతో పోల్చాలి? మా మాన్యువల్‌లో లెక్క కట్టిన విలువ, కొలిచిన విలువ అని రెండు గళ్లు ఉన్నాయి. మా లెక్చరర్ మాత్రం మూడో గడి కావాలంటున్నారు.

జవాబు: మీ లెక్చరర్ చెప్పిందే సరైనది. లెక్కకూ కొలతకూ పోలిక పెడితే తేలేది మీ రెసిస్టర్ల నాణ్యత, మీటరు నాణ్యత. సిద్ధాంతం అంటున్నది వేరు: అసలు సర్క్యూట్, దాని ప్రత్యామ్నాయం, ఏ లోడు పెట్టినా టెర్మినళ్ల దగ్గర ఒకే రీతిగా ఉంటాయని. కాబట్టి పోల్చవలసినవి రెండూ కొలతలే కావాలి: అసలు సర్క్యూట్‌లో కొలిచిన లోడు కరెంటు ఒకటి, థెవెనిన్ సర్క్యూట్‌ను నిజంగా కట్టి అదే లోడులో కొలిచిన కరెంటు రెండోది. లెక్క కట్టిన విలువ మూడో గడిలో తోడుగా ఉంటుంది.

థెవెనిన్ సర్క్యూట్ కట్టడానికి డికేడ్ రెసిస్టెన్స్ బాక్స్‌లో వేల డయల్‌ను 2 దగ్గర, వందల డయల్‌ను 3 దగ్గర, పదుల డయల్‌ను 2 దగ్గర పెడితే 2.32 కిలోఓమ్‌లు వస్తాయి. బాక్స్ దొరకకపోతే 2.2 కిలోఓమ్‌ల రెసిస్టరుకు 120 ఓమ్‌ల రెసిస్టరును సిరీస్‌లో కలిపినా చాలు, ఈ రెండూ ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా దొరికే విలువలే. సప్లైని 7.2 వోల్టులకు తిప్పాలి. ఇక లోడుగా 1, 2.2, 4.7 కిలోఓమ్‌లను ఒకదాని తర్వాత ఒకటి పెడితే, లెక్క ప్రకారం 2.17, 1.59, 1.03 మిల్లీ ఆంపియర్లు రావాలి. ఒకే ఒక్క లోడుతో సరిపెట్టుకోవద్దు. ఒక్క లోడుకు ఒకే కరెంటును ఇచ్చే తప్పుడు సర్క్యూట్లు ఎన్నైనా కట్టవచ్చు, ఉదాహరణకు 12 వోల్టులకు సిరీస్‌లో 5.33 కిలోఓమ్‌లు పెట్టినా 2.2 కిలోఓమ్‌ల లోడులో 1.59 మిల్లీ ఆంపియర్లే వస్తాయి. లోడును 1 కిలోఓమ్‌కు మార్చగానే అసలు సర్క్యూట్ 2.17 ఇస్తుంటే అది 1.90 ఇస్తుంది. లోడు మారినప్పుడే ప్రత్యామ్నాయం అసలైనదో కాదో తెలుస్తుంది.

కరెంటు కొలిచేటప్పుడు ఒక చిన్న విషయం చాలామందిని ఇబ్బంది పెడుతుంది. సాధారణ డిజిటల్ మల్టీమీటరులో 20 మిల్లీ ఆంపియర్ల రేంజిలో లోపలి షంటు (కరెంటు కొలవడానికి మీటరులో ఉండే చిన్న నిరోధం) సుమారు 10 ఓమ్‌లు ఉంటే, 2 మిల్లీ ఆంపియర్ల రేంజిలో సుమారు 100 ఓమ్‌లు ఉంటుంది. 2.2 కిలోఓమ్‌ల లోడుతో మొదటి రేంజిలో 1.59 చూపిన మీటరు, రెండో రేంజిలో 1.56కు దగ్గరగా చూపుతుంది. అసలు సర్క్యూట్‌ను ఒక రేంజిలో, థెవెనిన్ సర్క్యూట్‌ను మరో రేంజిలో కొలిస్తే రెండు శాతం తేడా వస్తుంది, దానికి కారణమేమిటో తెలియక గంటసేపు కనెక్షన్లు వెతుక్కోవలసి వస్తుంది. ఒకే లోడుకు రెండు సర్క్యూట్లలోనూ ఒకే మీటరును ఒకే రేంజిలో ఉంచి కొలవండి. అప్పుడు మీటరు నిరోధం రెండు చోట్లా లోడులో భాగమైపోతుంది కాబట్టి పోలిక చెడదు.

ప్రశ్న: థెవెనిన్ నిరోధం కోసం సప్లై ఆఫ్ చేసి ఎ, బి మధ్య మల్టీమీటరు పెడితే మాకు 4.3 కిలోఓమ్‌లు వచ్చింది. మరో జట్టుకు అంకె నిలకడగా నిలవనే లేదు. లెక్క ప్రకారం 2.32 కదా?

జవాబు: 4.3 అనే అంకెను చూస్తే మీరు ఏం చేశారో చెప్పవచ్చు. సప్లై తీగలను ఊడదీసి, ఆ రెండు కొసలనూ అలాగే గాలిలో వదిలేశారు. అప్పుడు 2.2 కిలోఓమ్‌ల రెసిస్టరు గుండా దారి తెగిపోతుంది, మిగిలేది 1, 3.3ల మొత్తం 4.3. ఆదర్శ వోల్టేజి సోర్సు లోపలి నిరోధం సున్నా కాబట్టి, సోర్సును తీసేసిన చోట తప్పనిసరిగా ఒక తీగ ముక్క పెట్టాలి. రెండో జట్టువాళ్లు సప్లైని ఊడదీయకుండా స్విచ్ మాత్రమే ఆఫ్ చేసి ఉంటారు. ఆఫ్ చేసిన రెగ్యులేటెడ్ పవర్ సప్లై ఒక తీగ ముక్కతో సమానం కాదు. దాని అవుట్‌పుట్ దగ్గర పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఉంటుంది, పని మానేసిన ట్రాన్సిస్టరు ఉంటుంది, నిలిచిపోయిన చార్జి ఉంటుంది. మల్టీమీటరు పంపే చిన్న కరెంటు వాటితో కలిసి పోతూ ఉంటే అంకె జారుతూనే ఉంటుంది.

క్రమం ఇలా ఉండాలి: ముందు సప్లై ఆఫ్ చేయాలి, తర్వాత దాని రెండు తీగలనూ బ్రెడ్‌బోర్డు నుంచి పూర్తిగా తీసేయాలి, ఆ తర్వాతే ఖాళీ అయిన రెండు రంధ్రాల మధ్య తీగ ముక్క గుచ్చాలి, చివరగా ఓమ్‌మీటరు పెట్టాలి. ‘సోర్సును షార్ట్ చేయాలి’ అన్న మాట విని, పనిచేస్తున్న సప్లై టెర్మినళ్ల మధ్యనే తీగ పెట్టేవారు ఉంటారు. కరెంటు లిమిట్ ఉన్న సప్లై అయితే దీపం వెలిగి ఆగిపోతుంది, లేకపోతే కాలిపోతుంది. ఓమ్‌మీటరును కరెంటు ఉన్న సర్క్యూట్‌కు తగిలించడం కూడా అంతే ప్రమాదం, ఎందుకంటే దానికి సొంత బ్యాటరీ ఉంటుంది, బయటి వోల్టేజి దాన్ని పాడు చేస్తుంది.

మరో రెండు దారులున్నాయి. ఎ, బి మధ్య మిల్లీ అమ్మీటరు పెట్టి షార్ట్ సర్క్యూట్ కరెంటు కొలిస్తే, ఈ సర్క్యూట్‌లో 3.1 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. 7.2ను దానితో భాగిస్తే 2.32 కిలోఓమ్‌లు. ఇక్కడ అది క్షేమమే. అదే పని కారు బ్యాటరీ మీదో ఇన్వర్టర్ బ్యాటరీ మీదో ఎన్నడూ చేయకూడదు. వాటి లోపలి నిరోధం మిల్లీఓమ్‌లలో ఉండటం వల్ల షార్ట్ చేస్తే వందల ఆంపియర్లు పారి తీగలు కరిగిపోతాయి. రెండో దారి నాకు బాగా నచ్చింది: డికేడ్ బాక్స్‌ను లోడుగా పెట్టి, దాని మీది వోల్టేజి ఓపెన్ సర్క్యూట్ విలువలో సరిగ్గా సగం, అంటే 3.6 వోల్టులు అయ్యేదాకా డయల్స్ తిప్పాలి. ఆగిన చోట బాక్స్ మీద కనిపించే అంకే థెవెనిన్ నిరోధం. సోర్సును కదిలించనవసరం లేదు, లోపల ఏముందో తెలియనవసరం లేదు, భాగహారం కూడా అవసరం లేదు. ట్రాన్సిస్టరు నమూనాలలోలాగా ఆధారిత సోర్సులు (సర్క్యూట్‌లోని మరో వోల్టేజిని లేదా కరెంటును బట్టి మారేవి) ఉన్న సర్క్యూట్లలో వాటిని తీసేసి ఓమ్‌మీటరు పెట్టడం కుదరదు కాబట్టి, అక్కడ ఇటువంటి దారులే శరణ్యం.

ప్రశ్న: రెండు సర్క్యూట్లూ సమానమైనప్పుడు వాటిలో ఖర్చయ్యే పవరు కూడా సమానంగానే ఉండాలి కదా? వైవాలో అవునని చెబితే మార్కులు పోయాయి.

జవాబు: లోడులో ఖర్చయ్యే పవరు సమానం, లోపల ఖర్చయ్యేది సమానం కాదు. అంకెలతో చూద్దాం. లోడు లేనప్పుడు అసలు సర్క్యూట్‌లో 12 వోల్టుల సప్లై నుంచి 5.5 కిలోఓమ్‌ల గుండా 2.18 మిల్లీ ఆంపియర్లు పారుతూనే ఉంటాయి, అంటే 26 మిల్లీవాట్లు ఊరికే వేడిగా పోతున్నాయి. థెవెనిన్ సర్క్యూట్‌లో లోడు లేకపోతే కరెంటే లేదు, నష్టం సున్నా. 2.2 కిలోఓమ్‌ల లోడు పెట్టినప్పుడు రెండింటిలోనూ లోడుకు చేరేది 5.58 మిల్లీవాట్లే, కానీ అసలు సర్క్యూట్ సప్లై ఇస్తున్నది సుమారు 37.7 మిల్లీవాట్లు, థెవెనిన్ సప్లై ఇస్తున్నది 11.5 మాత్రమే. సిద్ధాంతం హామీ ఇచ్చేది ఎ, బి టెర్మినళ్లకు బయటివైపు జరిగే దానికే.

దీని నుంచి ఇంకొక అపోహ కూడా తొలగుతుంది. గరిష్ఠ పవరు బదిలీ జరిగేటప్పుడు (అంటే లోడు నిరోధం థెవెనిన్ నిరోధానికి సమానమైనప్పుడు) ఎఫిషియెన్సీ 50 శాతం అని పుస్తకాల్లో ఉంటుంది, విద్యార్థులు దాన్ని ఏ సర్క్యూట్‌కైనా వర్తింపజేస్తారు. మీ సర్క్యూట్‌లో లోడును 2.32 కిలోఓమ్‌లకు పెట్టి సప్లై దగ్గర కరెంటు కొలవండి. 3.11 మిల్లీ ఆంపియర్లు వస్తుంది, సప్లై ఇచ్చేది 37 మిల్లీవాట్లకు పైగా, లోడుకు చేరేది 5.59. అసలు ఎఫిషియెన్సీ 15 శాతం. ఆ 50 శాతం థెవెనిన్ సర్క్యూట్‌ది.

ప్రశ్న: లోడుగా ఎల్ఈడీ పెట్టవచ్చా? ఎల్ఈడీ లీనియర్ కాదు కదా.

జవాబు: నిరభ్యంతరంగా పెట్టవచ్చు. లీనియర్‌గా ఉండవలసింది టెర్మినళ్లకు లోపలివైపున్న సర్క్యూట్ మాత్రమే, లోడుకు ఆ నియమం లేదు. ఎర్ర ఎల్ఈడీ మీద సుమారు 1.8 వోల్టులు నిలుస్తుందనుకుంటే 7.2 నుంచి అది పోగా మిగిలిన 5.4 వోల్టులను 2.32 కిలోఓమ్‌లతో భాగించగా 2.3 మిల్లీ ఆంపియర్లు. అసలు సర్క్యూట్‌లోనూ, థెవెనిన్ సర్క్యూట్‌లోనూ అదే ఎల్ఈడీ అంతే కాంతితో వెలుగుతుంది. వీలుంటే ఈ పని తప్పక చేసి చూడండి. రెండు బ్రెడ్‌బోర్డులు పక్కపక్కన పెట్టి, ఒకే ఎల్ఈడీని ఇందులోంచి తీసి అందులో గుచ్చినప్పుడు వెలుగులో మార్పు లేకపోవడం అంకెల పట్టిక కంటే బలంగా మనసుకు ఎక్కుతుంది. అదే ఎల్ఈడీని 3.3 కిలోఓమ్‌ల రెసిస్టరు స్థానంలో పెడితే మాత్రం లోపలి సర్క్యూట్ లీనియర్ కాకుండా పోతుంది, ఒకే వోల్టేజి, ఒకే నిరోధంతో దానికి అన్ని లోడులకూ సరిపోయే ప్రత్యామ్నాయం దొరకదు.

ప్రశ్న: థెవెనిన్ ఎవరు? ఈ సిద్ధాంతాన్ని హెల్మ్‌హోల్ట్జ్ ముందే కనుగొన్నాడని చదివాను. నార్టన్ పేరు ఎలా వచ్చింది?

జవాబు: లియోన్ షార్ల్ థెవెనిన్ ఫ్రాన్స్‌లోని మో పట్టణంలో 1857లో పుట్టి, 1878లో ఆ దేశపు టెలిగ్రాఫ్ శాఖలో ఇంజినీరుగా చేరాడు. తన సిద్ధాంతాన్ని 1883లో ప్రచురించాడు. మైళ్ల కొద్దీ సాగిన తీగలకు ఆ కొసన ఏముందో ఈ కొస నుంచే తేల్చుకోవలసిన టెలిగ్రాఫ్ ఉద్యోగికి ఈ ఆలోచన ఎంత పనికొచ్చేదో ఊహించవచ్చు. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ ఇదే ఫలితాన్ని 1853లోనే ప్రచురించిన మాట నిజం. ఆయన దీనికి వచ్చింది జంతువుల కండరాలు, నరాలలోని విద్యుత్తును కొలిచే ప్రయోగాల నుంచి. కండరం లోపలి సోర్సును చేరుకోలేక, పైనుంచే రెండు బిందువుల మధ్య మీటరు పెట్టి లోపలిది తెలుసుకోవాలన్నది ఆయన సమస్య. మొదటి ఉత్తరం రాసిన విద్యార్థి సమస్యకు ఇది ఎంత దగ్గరగా ఉందో గమనించండి. థెవెనిన్‌కు హెల్మ్‌హోల్ట్జ్ పని తెలియదనీ స్వతంత్రంగానే కనుగొన్నాడనీ చరిత్ర రాసినవారి అభిప్రాయం. వోల్టేజి సోర్సుకు బదులు కరెంటు సోర్సు, సమాంతరంగా నిరోధం ఉండే రూపాన్ని 1926లో ఇద్దరు వేరువేరుగా రాశారు: అమెరికాలో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు ఎడ్వర్డ్ నార్టన్ సంస్థ లోపలి నివేదికలో, జర్మనీలో సీమెన్స్ సంస్థకు చెందిన హాన్స్ ఫెర్డినాండ్ మాయర్ ప్రచురించిన వ్యాసంలో. థెవెనిన్ కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. మీ సర్క్యూట్‌కు నార్టన్ రూపం 3.1 మిల్లీ ఆంపియర్ల సోర్సు, దానికి సమాంతరంగా అదే 2.32 కిలోఓమ్‌లు.

ప్రశ్న: ఏసీ సర్క్యూట్‌కు ఈ ప్రయోగం చేయవచ్చా?

జవాబు: చేయవచ్చు, నిరోధానికి బదులు ఇంపిడెన్స్ (రెసిస్టర్లు, కాయిల్స్, కెపాసిటర్లు కలిసి ఏసీకి కలిగించే మొత్తం అడ్డంకి) వస్తుంది. అయితే మీటర్లు పరిమాణాన్ని మాత్రమే చూపుతాయి, ఫేజ్ కోణాన్ని చూపవు. అందుకు సీఆర్ఓ (తరంగ రూపాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోపు) లేదా వాట్‌మీటరు కావాలి. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజిని షార్ట్ సర్క్యూట్ కరెంటుతో భాగించినప్పుడు ఇంపిడెన్స్ పరిమాణమే వస్తుంది, అందులో నిరోధం ఎంత, రియాక్టెన్స్ (కాయిల్స్, కెపాసిటర్ల వల్ల వచ్చే భాగం) ఎంత అన్నది ఫేజ్ తెలిస్తేనే తేలుతుంది. పైగా కెపాసిటర్లు, కాయిల్స్ ఉన్న సర్క్యూట్‌కు 50 హెర్ట్జ్ దగ్గర కట్టిన ప్రత్యామ్నాయం 500 హెర్ట్జ్ దగ్గర పనికిరాదు.

ప్రశ్న: నేను విద్యార్థిని కాను, మా అబ్బాయి పుస్తకం చూసి అడుగుతున్నాను. మా ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఊరి చివర ఉంది. గీజరు వేయగానే వోల్టేజి పడిపోతుంది, బోరు మోటారు స్టార్టయినప్పుడైతే లైట్లు ఒక్కసారిగా మసకబారతాయి. దీనికీ ఈ సిద్ధాంతానికీ సంబంధం ఉందా?

జవాబు: నేరుగా ఉంది. మీ ఇంటి బోర్డు దగ్గర నుంచి చూస్తే సబ్‌స్టేషన్, ట్రాన్స్‌ఫార్మర్, స్తంభాల మీది తీగలు, సర్వీసు వైరు అన్నీ కలిసి ఒక వోల్టేజి సోర్సు, దానికి సిరీస్‌లో ఒక ఇంపిడెన్స్. ఏమీ వేయనప్పుడు బోర్డు మీది వోల్ట్‌మీటరు 236 చూపుతోందనీ, 2000 వాట్ల గీజరు వేస్తే 225కు దిగిందనీ అనుకుందాం. ఆ గీజరు నిరోధం సుమారు 26.5 ఓమ్‌లు కాబట్టి పారేది 8.5 ఆంపియర్లు. పడిపోయిన 11 వోల్టులను దానితో భాగిస్తే 1.3 ఓమ్‌లు. మీ ఇంటికి థెవెనిన్ ఇంపిడెన్స్ ఉజ్జాయింపుగా అదే, ల్యాబ్‌లో విద్యార్థి రెండు రేంజిలతో చేసిన లెక్కే ఇది. పక్కవాళ్ల లోడు మారుతూ ఉంటుంది కాబట్టి రెండు రీడింగులూ వెంటవెంటనే తీయాలి. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుగా తీసుకునే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది, ఆ కరెంటంతా ఇదే ఇంపిడెన్స్ గుండా రావాలి కాబట్టి ఆ క్షణంలో వోల్టేజి అంతగా కుంగుతుంది. లైట్లు మసకబారడానికి కారణం అదే. ఆ ఇంపిడెన్స్‌లో చెప్పుకోదగ్గ భాగం మీ సర్వీసు వైరులోనూ వదులైన జాయింట్లలోనూ ఉండే అవకాశం ఉంది, వాటిని సరిచేయిస్తే తేడా కనిపిస్తుంది.

దీనికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది, మీరు అడగకపోయినా చెప్పాలి. మీ బోర్డు దగ్గర ఫేజు, న్యూట్రల్ పొరపాటున కలిసి షార్ట్ అయితే పారగల కరెంటు 236ను 1.3తో భాగించగా వచ్చే సుమారు 180 ఆంపియర్లకు మించదు. ‘సి’ రకం ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తాను ఆగిపోయే స్విచ్) తక్షణమే పడిపోవాలంటే దాని రేటింగుకు 5 నుంచి 10 రెట్ల కరెంటు పారాలి. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది అత్యధికంగా 160, కాబట్టి పడుతుంది. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని 32 ఆంపియర్లది వేయిస్తే, దానికి 160 నుంచి 320 ఆంపియర్ల దాకా కావలసి రావచ్చు కాబట్టి, 180 ఆంపియర్లకు అది వెంటనే పడుతుందని భరోసా లేదు. ఎంసీబీ లోపలి లోహపు పట్టీ వేడెక్కి అది పడేలోపు తీగలు కాలుతూ ఉండవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరగా ఉన్న ఇంట్లో ఇబ్బంది పెట్టని ఎంసీబీ ఊరి చివరి ఇంట్లో ఇబ్బంది పెట్టేది ఇందుకే. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, లూప్ ఇంపిడెన్స్ టెస్టరుతో మీ బోర్డు దగ్గర కొలిపించి, ఆ విలువకు తగిన ఎంసీబీని పెట్టించుకోండి. ఈ కొలత మీ అంతట మీరు చేయవద్దు, మీ అబ్బాయిని చేయనివ్వవద్దు.